గ్రీన్ లైట్ చూసి సంతకం పెట్టకండి

"మా దిక్కు నుంచి క్లియర్ ఉంది సార్. లైన్ అప్‌లనే ఉంది. మీ బాక్స్ ఒకసారి చూసుకోండి."

హైదరాబాద్‌లో ఆఫీసు టెలిఫోన్ లైన్లతో పని పడిన ఎవరికైనా ఈ మాట కొత్త కాదు. చెప్పేవాడు అబద్ధం చెప్పడం లేదు. ఆయన స్క్రీన్ మీద లైన్ నిజంగానే అప్‌లో ఉంది, ఆఫీసు ఫోన్లని ఆ లైన్‌కి కలిపే మన బాక్స్ (గేట్‌వే) మీద గ్రీన్ లైట్ నిజంగానే వెలుగుతోంది. అయినా ఫ్యాక్స్ మూడో పేజీ దగ్గర తెగిపోతుంది, మధ్యాహ్నం ఉన్నట్టుండి కాల్స్ కొన్ని పడిపోతాయి, మాట్లాడుతుంటే ఎక్కడో టిక్ టిక్‌మంటుంది. ఆపరేటర్ మన బాక్స్ అంటాడు, బాక్స్ అమ్మినవాడు ఆపరేటర్ లైన్ అంటాడు. టికెట్ తెరుస్తారు, మూస్తారు, మళ్లీ తెరుస్తారు.

ఇలాంటి గొడవల్లో చాలావాటికి మూలం క్లాక్. లైన్ ఇచ్చేవాళ్లు, పరికరం పెట్టేవాళ్లు కలిసి ముందే తేల్చుకోవాల్సిన సంగతి అది, ఎవరూ తేల్చరు. అందుకే నేను గట్టిగా అనేది ఇది: పీఆర్ఐ లైన్ (ఒకేసారి 30 కాల్స్ మోసే డిజిటల్ టెలిఫోన్ లైన్) అప్పగించేటప్పుడు దాని క్లాక్ ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద రాసివ్వాలి. 24 గంటలు నడిపి స్లిప్‌ల (క్లాక్ తేడా వల్ల పడే తప్పుల) లెక్క చూపించాలి. అప్పుడే కస్టమర్ సంతకం పెట్టాలి. ఇది అతి జాగ్రత్త అని నా తోటి ఇంజినీర్లలోనే కొందరు అంటారు. కాదని ఎందుకు అంటున్నానో చెప్తాను.

ముందు ఒక సంగతి. ఇక్కడ క్లాక్ అంటే టైమ్ చెప్పే గడియారం కాదు. ఇప్పుడు ఎన్ని గంటలైందో ఈ1 లైన్‌కి, అంటే పీఆర్ఐ నడిచే డిజిటల్ లైన్‌కి, అక్కర్లేదు. బిట్లు ఏ వేగంతో నడుస్తున్నాయన్నదే దానికి కావాలి. మన మాటని సెకనుకి 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 8 బిట్లుగా రాస్తారు. అంటే ఒక కాల్‌కి 64 కిలోబిట్లు. అలాంటి 32 టైమ్‌స్లాట్లని వరసగా పేర్చితే ఒక ఫ్రేమ్, 256 బిట్లు. ఒక ఫ్రేమ్ 125 మైక్రోసెకన్లలో వెళ్లిపోవాలి. లెక్క కడితే సెకనుకి 20,48,000 బిట్లు, అదే మనం 2 ఎంబీ లైన్ అని పిలిచేది. అందులో సున్నా నంబరు స్లాట్ ఫ్రేమ్ ఎక్కడ మొదలైందో గుర్తుపట్టడానికి, 16వది సిగ్నలింగ్‌కి, అంటే కాల్ కలపడం, తెంపడం లాంటి సందేశాలకి. మిగిలిన 30 స్లాట్లలో మనుషులు మాట్లాడుకుంటారు.

పంపేవాడి 20,48,000, అందుకునేవాడి 20,48,000 ఒకటి కానప్పుడే చిక్కంతా. రెండు క్వార్ట్జ్ క్రిస్టల్స్ ఎప్పుడూ అచ్చంగా ఒకే వేగంతో కొట్టుకోవు. అందుకే ప్రతి ఈ1 పోర్టులో చిన్న బఫర్ ఒకటి ఉంటుంది. మన ఇంటి సంపు లాంటిదే అనుకోండి. నల్లా నీళ్లు ఒక వేగంతో వచ్చి పడతాయి, మోటారు ఇంకో వేగంతో పైకి తోడుతుంది. తేడా ఎంత చిన్నదైనా, రెండూ ఆగకుండా నడుస్తుంటే ఏదో ఒక క్షణాన సంపు పొంగాలి, లేదా అడుగంటాలి. బఫర్ పొంగినప్పుడు పోర్టు ఒక ఫ్రేమ్‌ని పారేస్తుంది. అడుగంటినప్పుడు పాత ఫ్రేమ్‌నే మళ్లీ ఒకసారి చదివి పంపిస్తుంది. దాన్నే స్లిప్ అంటారు. ఫ్రేమ్‌కి ఫ్రేమ్ మొత్తంగా పోతుంది కాబట్టి అమరిక చెడదు, లైన్ డౌన్ కాదు, లైటు ఆరదు. స్లిప్‌ని ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు లెక్క చూడండి, దీనిలో ఉన్న అందమంతా అక్కడే ఉంది. టెలిఫోన్ నెట్‌వర్క్‌లో అన్నిటికన్నా పైన ఉండే రిఫరెన్స్ క్లాక్‌కి అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ తన జి.811 ప్రమాణంలో పెట్టిన హద్దు 10,000 కోట్లలో 1 వంతు. అలాంటివి రెండు, ఒకటి ఆ హద్దు మేరకు వేగంగా, ఇంకొకటి అంతే నిదానంగా నడిచినా, 125 మైక్రోసెకన్ల తేడా పోగవడానికి 72 రోజులు పడుతుంది. అంటే రెండు వేర్వేరు ఆపరేటర్ల మధ్య కూడా 72 రోజులకి ఒక స్లిప్. అది ఎవరికీ తెలియను కూడా తెలియదు. మరి మన బాక్స్‌లో ఉండే మామూలు క్రిస్టల్ సంగతేంటి? ఈ1కి అనుమతించిన తేడా 10 లక్షలకి 50 వంతులు. ఆ చివర ఉన్న క్రిస్టల్‌తో నడిపితే 2.5 సెకన్లకి ఒక స్లిప్ పడుతుంది. 72 రోజులు ఎక్కడ, రెండున్నర సెకన్లు ఎక్కడ! పైగా రెండు సందర్భాల్లోనూ లైటు గ్రీన్‌గానే ఉంటుంది.

"అయితే ఏమైంది, మాట వినపడుతోంది కదా" అనేవాళ్లకి జవాబు చెప్పాలి. నిజమే, మాటకి స్లిప్ పెద్ద శత్రువేమీ కాదు. ఒక స్లిప్‌లో ఒక కాల్ పోగొట్టుకునేది ఒక్క కొలత, చెవికి చాలాసార్లు అది అందదు, అందినా చిన్న టిక్. చిక్కు మాట కానివాటితో. ఫ్యాక్స్ మోడెమ్ ఆ ధ్వనిలోని ఫేజ్ (తరంగం ఏ దశలో ఉందన్న) మార్పులనే డేటాగా చదువుకుంటుంది. మధ్యలో ఒక కొలత మాయమైతే ఫేజ్ ఒక్కసారిగా జారిపోతుంది, కొన్ని గీతలు చెడిపోతాయి. అలాంటివి పెరిగితే అవతలి మెషిన్ పేజీని తిరస్కరిస్తుంది. ఒక పేజీ ఫ్యాక్స్ వెళ్లి పది పేజీల ఫ్యాక్స్ తెగిపోతుంటే నా అనుమానం మొదట క్లాక్ మీదకే పోతుంది. కాల్ ఎంత పొడుగైతే స్లిప్ తగిలే అవకాశం అంత పెరుగుతుంది మరి. 16వ స్లాట్‌లో నడిచే సిగ్నలింగ్ కూడా డేటానే. అక్కడ మెసేజ్ మధ్యలో స్లిప్ పడితే సీఆర్‌సీ (తప్పులు పట్టే సరిచూపు అంకె) తప్పుతుంది, మళ్లీ పంపాల్సి వస్తుంది. ఇది మితిమీరితే డీ-చానల్, అంటే ఆ 16వ స్లాటే, పడిపోయి, దాని మీద ఆధారపడిన 30 చానళ్లూ ఒకేసారి చతికిలబడతాయి.

సికింద్రాబాద్‌లో ఒక సంస్థకి రెండు పీఆర్ఐలు ఉండేవి, ఇద్దరు ఆపరేటర్ల నుంచి. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని ముందుచూపు. మొదటిది బాగా నడుస్తోంది. రెండో దాని మీద ఫ్యాక్స్‌లు పోవడం లేదు. గేట్‌వేలో కౌంటర్ చూస్తే ప్రతి 15 నిమిషాల గడిలోనూ స్లిప్ సెకన్లు 72. ఒకటీ అరా తేడాతో అన్ని గడుల్లోనూ అదే అంకె. 900 సెకన్లలో 72 అంటే 12.5 సెకన్లకి ఒకటి. 125 మైక్రోసెకన్లని 12.5 సెకన్లతో భాగిస్తే తేడా 10 లక్షలకి 10 వంతులని తేలుతుంది. కేబుల్ చెడిపోయిందా, కనెక్టర్ వదులైందా అని తడుముకోవాల్సిన అవసరమే లేదు. కేబుల్ చెడితే లోపాలు గుంపులు గుంపులుగా వస్తాయి, ఒక గడిలో 200, పక్క గడిలో సున్నా. ఇంత క్రమంగా తప్పు చేసేది క్లాక్ ఒక్కటే.

రెండో ఆపరేటర్ మనుషులు వచ్చారు. టెస్టర్ పెట్టి, పంపింది పంపినట్టే వెనక్కి వచ్చేలా అవతల లూప్ వేయించి, అరగంట బిట్ ఎర్రర్ పరీక్ష నడిపారు. ఒక్క తప్పు లేదు. ప్రింట్ తీసి చేతిలో పెట్టి, "చూడన్నా, లైన్ మంచిగనే ఉంది" అని బయల్దేరారు. ఇక్కడే నాకు కోపం వస్తుంది. లూప్ వేసి పరీక్షిస్తే టెస్టర్ పంపిన క్లాకే తిరిగి టెస్టర్‌కి వస్తుంది. దారిలో ఎవరూ కొత్త క్లాక్ వేయకపోతే ఆ పరీక్షలో స్లిప్ కనపడే దారే లేదు. రాగి బాగుందని, ఫైబర్ బాగుందని ఆ ప్రింట్ చెప్తుంది. క్లాక్ గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. అయినా ప్రతి హ్యాండోవర్ ఫైల్లోనూ అదే ప్రింట్ ఉంటుంది, దాని మీదే సంతకాలు.

సరే, గేట్‌వేని రెండో లైన్ నుంచి క్లాక్ తీసుకోమన్నాం. రెండో లైన్ మీద స్లిప్‌లు సున్నా అయ్యాయి. మొదటి లైన్ మీద 72 మొదలయ్యాయి. వాయిస్ గేట్‌వే లోపల అన్ని పోర్టులకీ, డీఎస్‌పీలకీ (మాటని అంకెలుగా నడిపించే చిప్‌లకీ) కలిపి ఒకే క్లాక్ నడుస్తుంది కాబట్టి ఒకరిని నమ్మితే ఇంకొకరితో తగాదా తప్పదు. దీంతో తేలిందల్లా ఇద్దరికీ పొత్తు కుదరడం లేదని. తప్పు ఎవరిదో తేలాలంటే మూడో సాక్షి కావాలి. అదే బిల్డింగ్‌లో ఇంకో అంతస్తులో ఉన్న వాళ్ల అనుబంధ ఆఫీసుకి మూడో ఆపరేటర్ పీఆర్ఐ ఉంది. అడిగి, ఒక రాత్రి దాన్ని మా గేట్‌వేకి తగిలించాం. మొదటిదీ మూడోదీ తెల్లారేదాకా ఒక్క స్లిప్ లేకుండా నడిచాయి. రెండోది మాత్రం తన 72 తను కొట్టుకుంటూ పోయింది.

ఈ లెక్క చూపించాక తీగ లాగితే డొంక సెల్లార్‌లో కదిలింది. ఆ ఆపరేటర్ లాస్ట్ మైల్ (మా బిల్డింగ్ దాకా వచ్చే చివరి ముక్క) అసలు ఈ1 కాదు, ఈథర్‌నెట్. ఈ1ని ప్యాకెట్లుగా కోసి పంపి, మా బిల్డింగ్ సెల్లార్‌లో ఒక చిన్న డబ్బాలో మళ్లీ ఈ1గా అతికిస్తున్నారు. ప్యాకెట్లలో క్లాక్ దానంతటది రాదు. వచ్చే ప్యాకెట్ల వేగం గమనించి ఆ డబ్బా క్లాక్‌ని తిరిగి కట్టుకోవాలి, దాన్నే అడాప్టివ్ క్లాక్ అంటారు. ఆ డబ్బాలో సెట్టింగ్ ఇంటర్నల్ అని ఉంది. సొంత క్రిస్టల్ మీద స్వతంత్రంగా బతికేస్తోంది.

దీంట్లో ఇంకో మెలిక ఉంది, చాలామంది అక్కడే మోసపోతారు. ఆ సంస్థకి ఆ ఒక్క లైనే ఉండి ఉంటే? గేట్‌వే ఆ డబ్బా క్లాక్‌నే పట్టుకునేది. మా వైపు స్లిప్ కౌంటర్ సున్నా చూపించేది. తేడా మాత్రం ఎక్కడికీ పోదు, డబ్బా లోపలి ప్యాకెట్ బఫర్‌లో పోగవుతుంది. అక్కడ పొంగినప్పుడు పోయేది ఒక్క ఫ్రేమ్ కాదు, చాలా ఫ్రేములున్న ప్యాకెట్. తప్పుడు క్లాక్‌ని నమ్మకంగా పట్టుకుంటే మన కౌంటర్ శుభ్రంగా ఉంటుంది, ఫ్యాక్స్ ఇంకా ఘోరంగా తెగుతుంది. అందుకే మన వైపు కౌంటర్ సున్నా ఉందన్న ఒక్క ముక్కతో నేను ఊరుకోను. క్లాక్ ఎక్కడి నుంచి వస్తుందో రాసిచ్చిన కాగితం కూడా కావాలంటాను.

ఆపరేటర్లనే తిడితే న్యాయం కాదు. మన వైపు పరికరాల తీరు కూడా అలాగే ఉంది. సిస్కో 2800, 3800 వరస రౌటర్లలో ఈ1 కార్డు పెట్టి, పోర్టుకి క్లాక్ సోర్స్ లైన్ అని చెప్తే సరిపోదు. నెట్‌వర్క్-క్లాక్-పార్టిసిపేట్ అనే ఇంకో కమాండ్ విడిగా ఇస్తేనే ఆ లైన్ క్లాక్ రౌటర్ లోపలి టీడీఎమ్ బస్సుకి (కార్డులనీ డీఎస్‌పీలనీ కలిపే దారికి) చేరుతుంది. ఇవ్వకపోతే పోర్టు ఒక క్లాక్ మీద, డీఎస్‌పీలు ఇంకో క్లాక్ మీద నడుస్తాయి. కాల్స్ వెళ్తాయి, లైటు వెలుగుతుంది, స్లిప్‌లు పడుతూనే ఉంటాయి. ఆస్టరిస్క్ (కంప్యూటర్‌నే ఫోన్ ఎక్స్చేంజ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) పెట్టుకునేవాళ్లకి దాని కార్డు డ్రైవర్ డాడీ (DAHDI) కాన్ఫిగరేషన్ ఫైల్లో స్పాన్ అనే వరస ఉంటుంది. అందులో రెండో అంకె టైమింగ్‌ది. 1 అంటే ఈ లైన్ నుంచే మొదట క్లాక్ తీసుకో అని, 0 అంటే ఈ లైన్ నుంచి తీసుకోకు అని. ఎక్కడి నుంచో కాపీ చేసి అతికించిన ఫైల్లో ఆ అంకె 0 ఉంటే చూసి మార్చేవాళ్లు ఎంతమంది? సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ గేట్‌వే కొని తెచ్చుకుంటే పాత యజమాని సెట్టింగులు కూడా దానితోపాటే వస్తాయి. అమీర్‌పేటలో రౌటింగ్, స్విచింగ్, క్లౌడ్ అన్నీ నేర్పుతారు. క్లాక్ గురించి ఒక పూట క్లాసు చెప్పే ఇన్‌స్టిట్యూట్ నాకింతవరకు కనపడలేదు.

పాయింట్ టు పాయింట్ లీజ్డ్ లైన్లు, రెండు ఈపీబీఎక్స్‌లని (ఆఫీసు ఎక్స్చేంజ్‌లని) కలిపే టై లైన్లలో ఇంకో ప్రమాదం ఉంది. ఒక కొన ఇంటర్నల్ (సొంత క్లాక్), ఇంకో కొన లైన్ (అవతలి నుంచి వచ్చే క్లాక్) అయితే సమస్య లేదు. రెండు కొనలూ ఇంటర్నల్ అయితే స్లిప్‌లు. రెండూ లైన్ అయితే మాత్రం నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకుంటూ ఒకదాని వేగాన్ని ఇంకొకటి అనుసరిస్తూ ఏదో ఒక దిక్కుకి కొట్టుకుపోతాయి. సర్క్యూట్ ఇక పట్టుకోలేని హద్దు దాకా వెళ్లి, లాక్ వదిలేసి, లైన్ పడిపోయి, మళ్లీ లేస్తుంది. కనీసం ఇది పైకి కనపడే జబ్బు, కాబట్టి త్వరగా దొరుకుతుంది.

ఖరీదైన సాధనాలు లేకపోయినా ఒక పరీక్ష చేయొచ్చు, నాకు బాగా పనికొచ్చింది. సర్వర్ రూమ్ ఏసీ రాత్రి ఆపేసే ఆఫీసుల్లో స్లిప్ కౌంటర్‌ని రాత్రీ పగలూ పోల్చి చూడండి. క్రిస్టల్ వేగం వేడితో మారుతుంది. మే నెలలో ఏసీ ఆగితే ఆ గది ఎలా కాగుతుందో మన ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. మీ గది వేడితోపాటు స్లిప్‌ల వేగం కూడా మారుతుంటే, స్వేచ్ఛగా తిరుగుతున్న క్రిస్టల్ మీ గదిలోనే ఉంది. ఆపరేటర్‌కి ఫోన్ చేసే ముందు మీ కాన్ఫిగరేషన్ చూసుకోండి.

ఇక 24 గంటల లెక్క అడగడం అతి అనే వాదన. "రోజంతా ఎవరు కూర్చుంటారు సార్, లైన్ తొందరగా కావాలని మీరే అడుగుతారు" అంటారు. ఎవరూ కూర్చోనక్కర్లేదు. ఈ1 పోర్టున్న వాయిస్ రౌటర్లు చాలావరకు 15 నిమిషాల గడులుగా 24 గంటల లెక్క తామే రాసుకుంటాయి. సాయంత్రం లైన్ కలిపి, మర్నాడు సాయంత్రం ఒక్క కమాండ్ ఇచ్చి చూస్తే చాలు. కొలబద్ద కూడా మనం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఒక అంతర్జాతీయ కాల్ దారి మొత్తానికి 24 గంటల్లో 5 స్లిప్‌లు దాటకూడదని, 98.9 శాతం కాలం అలా ఉండాలని ఐటీయూ జి.822 చెప్తుంది. దేశాలు దాటే దారంతటికీ 5. మా సికింద్రాబాద్ లైన్ సెల్లార్ నుంచి పై అంతస్తుకి వచ్చేలోగానే రోజుకి 6,912 కొట్టేది.

కాగితం మీద క్లాక్ ఎవరిదో రాయమంటే ఆపరేటర్లు ఎందుకు వెనకాడతారో కూడా నాకు తెలుసు. రాస్తే బాధ్యత వస్తుంది. లాస్ట్ మైల్ వేరే కాంట్రాక్టర్‌ది, మక్స్ (లైన్లని కలిపి పంపే పరికరం) ఇంకొకరిది, రేపు రేడియో మీదకి మారుస్తారేమో ఎవరికి తెలుసు. వాళ్ల ఇబ్బంది నిజమే. కానీ ఆ ఇబ్బందిని కస్టమర్ మీదకి నెట్టి, ఆయన చేత కార్డులు మార్పించి, కేబుళ్లు మార్పించి, చివరికి గేట్‌వేనే మార్పించడం నేను చూశాను. కొత్త గేట్‌వే కూడా అదే 72 చూపించింది.

"ఇదంతా పాత కథ, ఇప్పుడన్నీ సిప్ ట్రంకులే" అని మా కుర్రాళ్లు నవ్వుతారు. సిప్ ట్రంక్ అంటే కాల్స్‌ని ప్యాకెట్లుగా డేటా నెట్‌వర్క్ మీద పంపే లైన్. కాల్ సెంటర్లకి వర్తించే ఓఎస్‌పీ (అదర్ సర్వీస్ ప్రొవైడర్) నిబంధనలు 2020 నవంబరులో, మళ్లీ 2021 జూన్‌లో సడలించాక మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పీఆర్ఐలు తగ్గుతున్న మాట నిజమే. కానీ క్లాక్ తేడా తగ్గలేదు, కౌంటర్ మాయమైంది. పంపే గేట్‌వే తన క్రిస్టల్ లెక్కన సెకనుకి 8,000 కొలతలు తీస్తుంది, అందుకునేది తన లెక్కన వినిపిస్తుంది. రెండిటి మధ్య 10 లక్షలకి 50 వంతుల తేడా ఉంటే 400 సెకన్లకి 20 మిల్లీసెకన్లు పోగవుతాయి, అంటే మామూలుగా ఒక పూర్తి ప్యాకెట్. జిట్టర్ బఫర్ (వచ్చే ప్యాకెట్లని పోగుచేసుకునే సంపు) దాన్ని పారేయాలి, లేదా లేనిదాన్ని సృష్టించాలి. మాటల మధ్య నిశ్శబ్దంలో చేస్తే ఎవరికీ తెలియదు. ఫ్యాక్స్‌లో అలాంటి నిశ్శబ్దం దొరకదు. ఈ1 స్లిప్‌లో పోయేది ఒక్క కొలత, ఇక్కడ 160. టి.38 (ఫ్యాక్స్‌ని ధ్వనిగా కాకుండా డేటాగా పంపే పద్ధతి) వాడితే ఈ బాధ తప్పుతుంది, రెండు వైపులా దానికి మద్దతు ఉంటే.

మొబైల్ టవర్ల వైపు చూస్తే పాత కథ అనే మాట ఇంకా తేలిపోతుంది. టీడీడీ పద్ధతిలో (ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా పంపడం, అందుకోవడం) నడిచే 5జీ సైట్లకి వేగం ఒక్కటే సరిపోతే చాలదు, క్షణం కూడా సరిపోవాలి. ప్లస్ ఆర్ మైనస్ 1.5 మైక్రోసెకన్లలోపు. అందుకే టవర్ల మీద జీపీఎస్ యాంటెనాలు, కింద ఈథర్‌నెట్‌లో పీటీపీ, సింక్-ఈ అనే క్లాక్ పంచే పద్ధతులు. అక్కడ ఎవరూ లైటు చూసి సంతకం పెట్టరు, సింక్ కొలిచాకే సైట్ తీసుకుంటారు. టవర్‌కి చేసే మర్యాద కస్టమర్ లైన్‌కి ఎందుకు చేయరు?

మొన్న ఒక ఆఫీసుకి సిప్ ట్రంక్ మాట్లాడుతూ, మీ గేట్‌వేకి క్లాక్ ఎక్కడిదని అడిగాను. "ఎన్‌టీపీ ఉంది సార్" అన్నాడు సేల్స్ అబ్బాయి ధీమాగా. ఎన్‌టీపీ అంటే నెట్‌వర్క్ మీద టైమ్ తెచ్చుకునే పద్ధతి, కాల్ రికార్డుల మీద టైమ్ సరిగ్గా వేయడానికి పనికొస్తుంది. డీఎస్‌పీ ఎంత వేగంతో కొలతలు తీయాలో అది చెప్పదు. ప్రశ్న మార్చి మెయిల్ పెట్టాను: డీఎస్‌పీకి క్లాక్ ఇచ్చే క్రిస్టల్ టాలరెన్స్ ఎంత, జిట్టర్ బఫర్ పారేసిన ప్యాకెట్ల లెక్క కస్టమర్‌కి కనపడుతుందా, టి.38 ఉందా. ఆ మూడిటికీ రాతలో జవాబు వచ్చేదాకా కొనుగోలు ఫైలు నా టేబుల్ దాటదని ఆ ఆఫీసు మేనేజర్‌కి చెప్పాను.